మీ రోజువారీ జీవితానికి సరిపోయే ఇల్లు ఎలా వెతుక్కోవాలి (అద్దెకైనా, కొనుక్కోవడానికైనా)

"హైదరాబాద్ లో ఇల్లు చూస్తున్నాం, ఏ ఏరియా బెటర్ చెప్పవా" అని చుట్టాల్లో, ఆఫీసులో నన్ను అడగని వాళ్ళు లేరు. ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒకటే, మీ ఇంట్లో పొద్దున అందరికంటే ముందు ఎవరు లేస్తారు, ఎన్నింటికి లేస్తారు? చాలామంది ఆ ప్రశ్నకీ ఇంటికీ ఏం సంబంధం అన్నట్టు చూస్తారు. నాకు తెలిసి ఉన్న సంబంధం అంతా అక్కడే ఉంది, అందుకే ఒకేసారి వివరంగా రాసి పెడుతున్నా.

మాకు జరిగింది ముందు చెప్తా. 2019 లో ఒక టూ బీహెచ్‌కే అద్దెకి తీసుకున్నాం, ఐదో అంతస్తు, పెద్ద బాల్కనీ, మంచి గాలి, ఆదివారం పొద్దున 11 గంటలకి వెళ్ళి చూసి అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాం. చేరిన వారానికే తెలిసింది వెనక సందులో ఫంక్షన్ హాల్ ఉందని, ముహూర్తాలున్న రోజుల్లో రాత్రి 12 దాకా బ్యాండు, డీజే. లిఫ్ట్ కి పవర్ బ్యాకప్ లేదు, కరెంటు పోతే మోకాళ్ళ నొప్పులున్న మా నాన్న కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఎదురు చూసేవాడు. కిచెన్ ఓపెన్, ఎండుమిర్చి పోపు వేస్తే బెడ్‌రూమ్ లో పడుకున్న పాపకి దగ్గు. పదకొండు నెలలకి ఖాళీ చేశాం. ఇంకెవరికైనా అది చాలా మంచి ఇల్లే అయ్యుండొచ్చు, మా ఇంట్లో ఉన్న మనుషులకి మాత్రం సరిపోలేదు. ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ వే ఇస్తున్నా, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి, పద్ధతి మాత్రం వైజాగ్ కైనా వరంగల్ కైనా ఒకటే.

ముందు ఇవి రెడీ చేసుకోండి

- ఒక నోట్ బుక్, ఒక వారం టైమ్
- కొలిచే టేపు, 5 మీటర్లది చాలు
- మీ మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కొలతలు, ఒక కాగితం మీద రాసి ఫోటో తీసుకోండి
- ఫోన్ లో కంపాస్ యాప్, నెట్ స్పీడ్ చూసే యాప్
- మొబైల్ ఛార్జర్, ప్లగ్ పాయింట్లు పని చేస్తున్నాయో లేదో చూడ్డానికి
- టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపిస్తుంది), ఆన్‌లైన్ లో కొన్ని వందలకి దొరుకుతుంది
- ఇంట్లో వంట ఎవరు చేస్తారో ఆ మనిషి. మగవాళ్ళు ఇద్దరు వెళ్ళి ఇల్లు ఫైనల్ చేసి వచ్చే ఇళ్ళు చాలా చూశా, తర్వాత గొడవ ఎప్పుడూ వంటింటి గురించే వస్తుంది

1. వారం రోజులు మీ రోజుని రాయండి

ఇల్లు వెతకడం ఇంకా మొదలుపెట్టకండి. ఎవరు ఎన్నింటికి లేస్తున్నారు, ఎన్నింటికి బయటికి వెళ్తున్నారు, ఎలా వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తున్నారు, బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు, వీడియో కాల్స్ ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారు, ఇంటికి చుట్టాలు నెలకి ఎన్నిసార్లు వస్తున్నారు, ఎన్ని రోజులు ఉంటున్నారు, అన్నీ రాయండి. మీరు అనుకునేది కాకుండా నిజంగా జరిగేది రాయండి. "రోజూ జిమ్ కి వెళ్తా" అని అందరం అంటాం, వారంలో ఎన్నిసార్లు వెళ్ళారో రాస్తే గేటెడ్ కమ్యూనిటీ క్లబ్ హౌస్ కి నెలనెలా డబ్బు కట్టాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

ఏడాదికోసారి చేసే పనులు కూడా మర్చిపోకండి. ఎండాకాలం ఆవకాయ పెడతారా, వడియాలు, అప్పడాలు ఎండబెడతారా, అయితే డాబా మీదకి వెళ్ళనిచ్చే ఇల్లు కావాలి, చాలా అపార్ట్‌మెంట్లలో టెర్రస్ కి తాళం వేసి ఉంచుతారు. వ్రతాలకి, పుట్టినరోజులకి 30 మంది వస్తారా, అయితే హాలు సైజు, విజిటర్ పార్కింగ్ చూడాలి.

2. మూడు లిస్టులు రాయండి

తప్పనిసరి, ఉంటే మంచిది, అస్సలు వద్దు. తప్పనిసరి లిస్టులో ఐదుకి మించకూడదు, ఇది గట్టి రూల్ గా పెట్టుకోండి, పన్నెండు రాస్తే మీ బడ్జెట్ లో అలాంటి ఇల్లు ఊళ్ళో ఉండదు. ఇంట్లో అందరూ విడివిడిగా రాసి తర్వాత కలపండి. అత్తయ్యగారో, నాన్నగారో "మాకేం పర్లేదు, మీ ఇష్టం" అంటారు, ఆ మాట నమ్మి వదిలేయకండి, ఒక ప్రశ్న మార్చి అడగండి, "సాయంత్రం పూట ఎక్కడికి నడిచి వెళ్తారు?" గుడికి అంటే గుడి దగ్గర ఉండాలి, తోటి వాళ్ళతో కూర్చోవడం అంటే బెంచీలున్న చోటు ఉండాలి. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళని పన్నెండో అంతస్తులో పెట్టి, కిందికి దిగితే మాట్లాడే మనిషి లేకపోతే వాళ్ళు నెలకే ఊరెళ్ళిపోతామంటారు.

వాస్తు పట్టింపు ఉంటే అది కూడా మొదటి రోజే తప్పనిసరి లిస్టులో రాసేయండి. ఆరు ఇళ్ళు తిరిగి, బేరం అయ్యాక, పెద్దాయన వచ్చి ఈశాన్యంలో టాయిలెట్ ఉంది వద్దు అంటే అందరి టైమూ పోతుంది.

3. డబ్బు లెక్క, దూరం లెక్క కలిపి వేయండి

అద్దె ఒక్కటే చూడకండి. అద్దె, మెయింటెనెన్స్, నీళ్ళ ట్యాంకర్ ఖర్చు, రోజూ తిరగడానికయ్యే పెట్రోలు, ఈ నాలుగూ కలిపితేనే ఇంటి ఖర్చు. ఒక లెక్క చూడండి. ఆఫీసుకి ఇంకో 14 కిలోమీటర్లు దూరంగా వెళ్తే అద్దె 6,000 తగ్గుతుంది అనుకుందాం. రోజుకి రానుపోను 28 కిలోమీటర్లు ఎక్కువ, నెలకి 22 రోజులంటే 616 కిలోమీటర్లు. కారు లీటరుకి 14 ఇస్తే 44 లీటర్లు, లీటరు 107 వేసుకుంటే 4,700 పైనే. మిగిలేది 1,300. ఆ 1,300 కోసం రోజుకి గంటన్నర ట్రాఫిక్ లో, అంటే నెలకి 33 గంటలు. అదే మెట్రో దగ్గర్లో ఉండి, ఆఫీసు కూడా మెట్రో స్టేషన్ కి నడిచే దూరంలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది, మియాపూర్ - ఎల్బీనగర్, నాగోల్ - రాయదుర్గం లైన్ల పక్కన కొంచెం అద్దె ఎక్కువైనా చాలామందికి కలిసొచ్చేది అందుకే.

కొనేవాళ్ళకి ఇంకో లెక్క. 80 లక్షల రెడీ ఫ్లాట్ అనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్ కి బ్యాంకు గరిష్ఠంగా ఇచ్చేది ఇంటి విలువలో 80 శాతం, అంటే 64 లక్షలు. మిగతా 16 లక్షలు మీ చేతిలోవి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 6 లక్షలు, దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. అంటే ఒక్క మేకు కొట్టకముందే 22 లక్షలు, తర్వాత కప్‌బోర్డులు, ఫ్యాన్లు, కర్టెన్లు వేరే. కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, చిన్న అఫర్డబుల్ ఇళ్ళకి అది 1 శాతమే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఉండదు.

నా అభిప్రాయం అడిగితే, ఏ ఏరియాలో కొందామనుకుంటున్నారో అక్కడే ముందు ఒక ఏడాది అద్దెకి ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడిస్తే ఏ బ్రోకరూ చెప్పనివి తెలుస్తాయి.

4. ఏరియాని మీ టైమ్ లో చూడండి

మ్యాప్ లో "20 నిమిషాలు" అని చూపించింది నమ్మి ఫిక్స్ అవ్వకండి. మంగళవారమో బుధవారమో పొద్దున మీరు బయల్దేరే టైమ్ కి ఆ ఇంటి దగ్గర నుంచి ఆఫీసుకి ఒకసారి నిజంగా వెళ్ళండి, సాయంత్రం తిరిగి రండి. వాన పడే రోజు కుదిరితే ఇంకా మంచిది. పిల్లలుంటే స్కూల్ బస్సు ఆ సందులోకి వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే ఆపుతుందా అడగండి.

ఇప్పుడు నీళ్ళు, రెండు రకాలుగా. ఒకటి, తాగడానికి వాడటానికి నీళ్ళు ఉన్నాయా. మంజీరానో, కృష్ణానో, గోదావరో కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజు వస్తాయా, బోరు ఒక్కటేనా. ఏప్రిల్, మే లో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించారా అని అడగండి. బోరు నీళ్ళలో టీడీఎస్ 500 లోపు ఉంటే సరే, అంతకంటే బాగా ఎక్కువుంటే గీజర్, వాషింగ్ మెషిన్ ఉప్పు పట్టిపోతాయి, జుట్టు ఊడుతుందని ఇంట్లో రోజూ గోల.

రెండోది, నీళ్ళు ఇంట్లోకి వస్తాయా. 2020 అక్టోబర్ వానలకి టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళు ఎలా మునిగాయో, 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్ నగర్ లో గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల తరబడి ఎలా నీళ్ళలో ఉన్నాయో చూశాం కదా. కాబట్టి పక్కన చెరువు గానీ, నాలా గానీ ఉంటే "లేక్ వ్యూ" అని సంతోషపడే ముందు ఆ ఇల్లు చెరువు ఎఫ్‌టీఎల్ లోకి (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు), దాని చుట్టూ ఇళ్ళు కట్టకూడని బఫర్ జోన్ లోకి వస్తుందేమో చూడండి. కొనేవాళ్ళకి ఇది ప్రాణం లాంటి విషయం, చెరువుల్లో, నాలాల మీద ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అద్దెకైతే సెల్లార్ గోడల మీద పాత నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఎంత రంగు వేసినా మూలల్లో, మీటర్ బోర్డు వెనక కనిపిస్తుంది.

5. ఇంటి రకం

ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్: ఓనర్ పైనో కిందో ఉంటారు, ముగ్గు వేసుకోవడానికి వాకిలి, తులసి కోటకి చోటు, మెయింటెనెన్స్ తక్కువ. కానీ రాత్రి 11 కి గేటు తాళం, వచ్చేపోయే వాళ్ళ మీద ఒక కన్ను. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి ఇది చాలా కష్టం.

స్టాండ్‌అలోన్ అపార్ట్‌మెంట్: పది పదిహేను ఇళ్ళు, అందరూ ముఖపరిచయం, ఖర్చు ఓ మాదిరి. ఇక్కడ అంతా వాచ్‌మన్ మీద, అసోసియేషన్ మీద ఆధారపడి ఉంటుంది.

గేటెడ్ కమ్యూనిటీ: చిన్న పిల్లలున్న వాళ్ళకి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే వాళ్ళకి నిజంగా హాయి, పిల్లలు కిందికెళ్ళి ఆడుకుంటారు, పవర్ బ్యాకప్ ఉంటుంది. మెయింటెనెన్స్ మాత్రం ఎస్ఎఫ్‌టీ కి (చదరపు అడుగుకి) 3.50 అన్నా 1500 ఎస్ఎఫ్‌టీ కి నెలకి 5,250, అద్దె కాకుండా. ఇంకో విషయం, కొన్నిచోట్ల పాలు, కూరగాయలు తేవాలన్నా బండి తీయాల్సిందే, బండి నడపని పెద్దవాళ్ళు అక్కడ ఇరుక్కుపోతారు.

6. లోపల చూసేటప్పుడు (ఇక్కడ టైమ్ పెట్టండి, కనీసం 40 నిమిషాలు)

ముందు దిక్కులు. "ఈస్ట్ ఫేసింగ్" అంటే మెయిన్ డోర్ తూర్పుకి ఉందని మాత్రమే. చాలా అపార్ట్‌మెంట్లలో డోర్ తూర్పుకి ఉంటే బాల్కనీ, బెడ్‌రూమ్ కిటికీలు పడమరకి వస్తాయి, అంటే మే నెలలో మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం దాకా ఎండంతా ఆ గోడల మీదే, రాత్రి 10 కి కూడా గోడ చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది. పగలంతా ఇంట్లో ఉండే వాళ్ళకి, ఇంటి నుంచి పని చేసే వాళ్ళకి ఇది చాలా పెద్ద తేడా. పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్ళు కొంచెం సర్దుకోవచ్చు. అందుకే కంపాస్ ని ప్రతి గది కిటికీ దగ్గర పెట్టి చూడండి. టాప్ ఫ్లోర్ అయితే స్లాబ్ వేడి అదనం, పైన కూల్ రూఫ్ పెయింట్ గానీ, పెంట్‌హౌస్ గానీ ఉందా అడగండి.

తర్వాత కొలతలు. బ్రోకర్ చెప్పే 1500 ఎస్ఎఫ్‌టీ సూపర్ బిల్టప్, అందులో కారిడార్, లిఫ్ట్, మెట్లు, క్లబ్ హౌస్ అన్నీ కలిసి ఉంటాయి. మనం తిరిగేది కార్పెట్ ఏరియాలో. ఉదాహరణకి ఎస్ఎఫ్‌టీ 7,000 చొప్పున 1500 కి కోటీ 5 లక్షలు, లోపల కార్పెట్ 1050 వస్తే నిజంగా మీరు కట్టేది ఎస్ఎఫ్‌టీ కి 10,000. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు ఎప్పుడూ ఈ నంబరుతోనే పోల్చండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డర్ కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి, అడగడానికి మొహమాటపడకండి. అద్దెకైనా బెడ్‌రూమ్ కొలవండి, మంచం వేశాక బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా లేదా.

వంటిల్లు. గట్టు ముందు వంట చేసే మనిషిని నిలబెట్టండి, ఎత్తు సరిపోయిందా, స్టవ్ కీ సింక్ కీ మధ్య కూరగాయలు తరగడానికి చోటుందా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కి కన్నం ఉందా. మనం రోజూ పోపులు, వేపుళ్ళు చేసేవాళ్ళం, ఓపెన్ కిచెన్ చూడ్డానికి బాగుంటుంది కానీ చిమ్నీ లేకపోతే ఆరు నెలలకి హాల్లో సోఫా జిడ్డు పడుతుంది. మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్, వాటర్ ఫిల్టర్, ఓవెన్, ఎన్ని ప్లగ్గులు కావాలో లెక్కపెట్టి ఛార్జర్ పెట్టి ఒక్కొక్కటీ చూడండి. వాష్ ఏరియా వేరే ఉందా, అంట్లు తోమే చోట కుళాయి, కిందికి నీళ్ళు పోయే జాలీ ఉందా. పనమ్మాయి ఒంగుని తోముతుందా, నిలబడి తోముతుందా అది కూడా ఆలోచించండి, రోజూ చేసే పని.

ఇంకా చూడాల్సినవి గబగబా చెప్తా. బాత్రూమ్ లో షవర్, వంటింట్లో కుళాయి ఒకేసారి తిప్పి ధార తగ్గుతుందేమో చూడండి. కప్‌బోర్డ్ లోపల తల పెట్టి వాసన చూడండి, చెమ్మ ఉంటే ముక్కుకి వెంటనే తెలిసిపోతుంది. బాత్రూమ్ సీలింగ్ మీద పసుపు మరకలుంటే పై ఇంట్లోంచి లీక్. గోడ కింద అంచున తెల్లగా ఉప్పులా పొడి రాలుతుంటే ఎన్ని రంగులు వేసినా మళ్ళీ వస్తుంది. ప్రతి గదిలో తలుపేసి ఫోన్ సిగ్నల్ చూడండి. లిఫ్ట్ లో స్ట్రెచర్ గానీ, వీల్ చైర్ గానీ పడుతుందా, పెద్దవాళ్ళుంటే ఇది తప్పకుండా చూడాలి. కార్ పార్కింగ్ లో మీ కారు నిజంగా పెట్టి తీయండి, పిల్లర్ల మధ్య స్లాట్ చూపించి పార్కింగ్ ఉంది అంటారు.

హెచ్చరిక: బిల్డర్ మోడల్ ఫ్లాట్ చూపిస్తే మంచం కూడా కొలవండి. కొన్నిచోట్ల మామూలు కంటే చిన్న ఫర్నిచర్ వేస్తారు, గది పెద్దగా కనిపించడానికి.

7. మూడుసార్లు, మూడు టైముల్లో

ఇల్లు నచ్చితే ఆ రోజే అడ్వాన్స్ ఇవ్వకండి. మామూలు రోజు పొద్దున 8 కి ఒకసారి (నీళ్ళు, లిఫ్ట్ రద్దీ, స్కూల్ బస్సులు), మధ్యాహ్నం 3 కి ఒకసారి (ఎండ, వెలుతురు), శనివారం రాత్రి 10 కి ఒకసారి (చప్పుడు, వీధి దీపాలు, కుక్కలు, ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా నడిచి రాగలరా). "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు, ఇప్పుడే ఫిక్స్ చేసుకోండి" అని బ్రోకర్ అంటాడు, నిజమే అయ్యుండొచ్చు. టైమ్ అస్సలు లేకపోతే కనీసం రాత్రిపూట ఒక్కసారి వెళ్ళండి, మేము 2019 లో ఆ ఒక్క పని చేసి ఉంటే చాలేది.

వెళ్ళినప్పుడు ఓనర్ ని కాకుండా వాచ్‌మన్ భార్యని, సందు చివర కిరాణా కొట్టాయన్ని, ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. "ఇక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి" అంటే బాగుంటాయి అంటారు. "మొన్న ఎండాకాలం రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి" అని అడిగితే లెక్క చెప్తారు. "ముందున్న వాళ్ళు ఎందుకు ఖాళీ చేశారు" అన్నది కూడా తప్పకుండా అడగండి.

8. మీ గురించి ముందే చెప్పేయండి

నాన్ వెజ్ వండుతారా, కుక్కని పెంచుతారా, రాత్రి షిఫ్టులా, బ్యాచిలర్స్ వచ్చి ఉంటారా, ముందే చెప్పండి. ఇల్లు పోతుందని దాచి చేరితే ఏడాదంతా భయపడుతూ బతకాలి, ఉంటున్న ఇంట్లో చేపల కూర తలుపులేసుకుని వండుకోవడం ఏం జీవితం చెప్పండి. ఒప్పుకునే ఓనర్ దొరికేదాకా ఇంకో రెండు వారాలు తిరగడం నయం.

బేరం సంగతి: స్కూళ్ళు తెరిచే ముందు మే, జూన్ లో డిమాండ్ ఎక్కువ. ఆషాఢం, మూఢం రోజుల్లో చాలామంది ఇల్లు మారరు, మీకు ఆ పట్టింపు లేకపోతే అప్పుడు అడగండి. పట్టింపు ఉంటే అప్పుడు మాట్లాడుకుని, శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు.

9. కాగితాలు

అద్దెకి: మామూలుగా 11 నెలల అగ్రిమెంట్ రాస్తారు. అందులో నోటీసు ఎన్ని నెలలు, పెయింటింగ్ కి ఎంత పట్టుకుంటారు, అద్దె ఏటా ఎంత పెంచుతారు, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, ఈ నాలుగూ రాతలో ఉండాలి. చేరే రోజే కరెంటు మీటర్ రీడింగ్, గోడల మరకలు, పగిలిన టైల్స్ అన్నీ వీడియో తీసి ఓనర్ కి వాట్సాప్ చేయండి.

కొనడానికి: 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు మించి గానీ కొత్తగా కడుతుంటే రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, రెరా వెబ్‌సైట్ లో నంబరు కొట్టి చూడండి. ప్రీ లాంచ్ అని రెరా నంబరు లేకుండా డబ్బు కట్టించుకునే వాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, ఎంత తక్కువ రేటు చెప్పినా సరే. 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల రికార్డు), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల నుంచి చేతులు మారిన పత్రాలు), అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టాక అందులో ఉండొచ్చని ఇచ్చే అనుమతి), మీ వాటాకి వచ్చే యూడీఎస్ (మొత్తం స్థలంలో మీ ఫ్లాట్ కి వచ్చే భాగం) ఎన్ని గజాలు, ఇవి తీసుకుని మీకు తెలిసిన లాయర్ కి చూపించండి, బిల్డర్ చెప్పిన లాయర్ కి కాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

బాల్కనీ చూసి పడిపోవడం. మీ నోట్ బుక్ తీసి చూడండి, వారంలో బాల్కనీలో ఎంతసేపు కూర్చున్నారు? మా పక్కింటి వాళ్ళ బాల్కనీలో రెండేళ్ళుగా ఉన్నది పాత సైకిలు, ఖాళీ సిలిండరు.

చుట్టాల కోసం మూడో బెడ్‌రూమ్ తీసుకోవడం. ఏడాదికి పది రోజులు వచ్చే వాళ్ళ కోసం పన్నెండు నెలలు ఎక్కువ అద్దె. అదే గది మీ ఆఫీసు కాల్స్ కి కూడా పనికొస్తే అప్పుడు వేరే మాట.

తోడబుట్టిన వాళ్ళు, కొలీగ్స్ ఎక్కడ కొన్నారో అక్కడే కొనడం. వాళ్ళ ఆఫీసు వేరు, వాళ్ళ పిల్లల వయసు వేరు.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది

చేరిన నెలకి ఆ మూడు లిస్టులు మళ్ళీ తీయండి. తప్పనిసరి అనుకున్న ఐదింట్లో ఎన్ని నిజంగా వచ్చాయి? ఇంట్లో ఏ గదిలోకి ఎవరూ వెళ్ళట్లేదు? బట్టలు హాల్లో కుర్చీల మీద ఆరుతున్నాయా? మొదటి కరెంటు బిల్లు పాత ఇంటి కంటే ఎంత ఎక్కువొచ్చింది? పెద్దవాళ్ళు రోజుకి ఒక్కసారైనా కిందికి దిగుతున్నారా?

కొన్ని సరిచేసుకోవచ్చు. పడమర కిటికీకి వెదురు చాప కట్టండి, వంటింటికి ఎగ్జాస్ట్ పెట్టమని ఓనర్ ని అడగండి, సగం ఖర్చు మీరు పెట్టుకుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు. నీళ్ళు, చప్పుడు, దూరం, మెట్లు మాత్రం మీరేం చేసినా మారవు. వీటిలో రెండు ఇబ్బంది పెడుతుంటే అలవాటైపోతుందిలే అని లాగకండి, అగ్రిమెంట్ లో నోటీసు గడువు చూసుకుని తొమ్మిదో నెలలోనే ఓనర్ కి చెప్పేసి, అదే నోట్ బుక్ లో "అస్సలు వద్దు" లిస్టు కింద ఆ రెండూ రాసి మళ్ళీ వెతకడం మొదలుపెట్టండి.